రికార్డు కంపెనీ ప్రదర్శనకు వెళ్తున్నారా? ఇలా చూడండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఫలానా మ్యూజియంలో పాత గ్రామఫోన్ రికార్డుల కంపెనీ మీద ప్రదర్శన పెట్టారట. అంత దూరం వెళ్తే చూడ్డానికి ఏముంటుంది? ఇంట్లో తాతగారి ప్లేట్లున్నాయి, పట్టుకెళ్లమంటారా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

లోపల అడుగు పెట్టగానే ఇత్తడి బూరా ఉన్న గ్రామఫోన్ కనిపిస్తుంది. అందరూ దాని పక్కన నిలబడి ఫొటో దిగి, నాలుగు గోడలూ చుట్టేసి, అరగంటలో బయటికి వచ్చేస్తారు. నిజానికి అలాంటి మెషీన్ పాత సామాన్ల షాపులో కూడా దొరుకుతుంది. కంపెనీ కథంతా ప్లేటు మధ్యలో అతికించిన గుండ్రటి కాగితం మీద, అట్ట కవరు మీద, డీలరుకు రాసిన ఉత్తరంలో, పాటగాడితో చేసుకున్న ఒప్పందంలో ఉంటుంది. ఆ కాగితాలు చదవడం కాస్త తెలుసుకుని వెళ్తే ఒక పూట ఇట్టే గడిచిపోతుంది.

చిన్న కంపెనీ అంటే ఏది?

మన దేశంలో రికార్డుల వ్యాపారం మొదలుపెట్టింది బ్రిటిష్ గ్రామఫోన్ కంపెనీ. 1902లో వాళ్ల మనిషి గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. మొదట్లో మన పాటల ప్లేట్లు జర్మనీలోని హనోవర్‌లో తయారై ఓడలో వచ్చేవి. 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ వచ్చింది. కుక్క బొమ్మ ఉన్న హెచ్ఎంవీ ఈ కంపెనీదే. ఇప్పటి సరిగమ దాని వారసురాలు.

ఈ పెద్ద చెట్టు పక్కన మొలిచినవే స్వతంత్ర కంపెనీలు. కలకత్తాలో జితేంద్రనాథ్ ఘోష్ పెట్టిన మెగాఫోన్, 1932లో చండీచరణ్ సాహా మొదలుపెట్టిన హిందుస్తాన్ రికార్డ్స్, 1935లో బొంబాయిలో పుట్టిన యంగ్ ఇండియా ఇలాంటివే. ఠాగూర్ గొంతుతో ప్లేటు విడుదల చేసింది, సైగల్‌తో తొలి పాటలు పాడించింది హిందుస్తాన్ కంపెనీ. అఖ్తరీబాయిగా ఉన్న రోజుల్లో బేగం అఖ్తర్ మెగాఫోన్‌కు పాడారు. చరిత్ర ఈ మాత్రం చాలు, ఇక పనిలోకి వెళ్దాం.

కావలసినవి

- చిన్న నోటు పుస్తకం, పెన్సిలు. పాత కాగితాలున్న గదుల్లో పెన్ను తీయనివ్వరు.
- మీ సొంత ఇయర్‌ఫోన్లు, వైరువి. కొన్నిచోట్ల గోడ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాట మీ ఫోన్‌లోనే వస్తుంది.
- ఫోన్‌లో ఖాళీ జాగా, నిండా ఛార్జింగు.
- చత్వారం ఉంటే దగ్గరి చూపు అద్దాలు. లేబుల్ మీది అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి.
- ముదురు రంగు చొక్కా లేదా చీర. కారణం ఆరో మెట్టులో చెప్తాను.
- ఇంట్లో ప్లేట్లుంటే వాటి నంబర్ల జాబితా. ప్లేట్లు మాత్రం వద్దు.
- వీలైతే ఇంట్లో ఒక పెద్దమనిషి. పాత గొంతులు గుర్తుపట్టేది వాళ్లే.

1. తేదీ, సెలవు, ప్రదర్శన గడువు ముందే తెలుసుకోండి

ఇలాంటి ప్రదర్శనలు సాధారణంగా తాత్కాలికం. రెండు మూడు నెలలు ఉంచి తీసేస్తారు. పేపర్లో చూసి, "దసరా సెలవుల్లో వెళ్దాంలే" అనుకునేలోపు అయిపోతుంది. టికెట్టు కొనే ముందు మ్యూజియానికి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ప్రదర్శన ఎప్పటిదాకా ఉంది, వారంలో సెలవు ఏ రోజు, పాటలు వినే ఏర్పాటు ఉందా లేదా. మూడోది మర్చిపోకండి. వినడానికి ఏమీ లేకపోతే ఆరేడు వందల కిలోమీటర్ల ప్రయాణం దండగ.

సెలవు రోజు దగ్గరే ఎక్కువమంది బోర్లా పడతారు. కలకత్తా ఇండియన్ మ్యూజియానికీ, భువనేశ్వర్ రాష్ట్ర మ్యూజియానికీ సోమవారం సెలవు. హైదరాబాద్ సాలార్‌జంగ్‌కు శుక్రవారం. ఆదివారం రాత్రి రైలెక్కి సోమవారం పొద్దున్న దిగితే గేటు మూసుంటుంది.

తాత్కాలిక ప్రదర్శన ఏదీ దొరకకపోతే, బెంగళూరులో 2019లో తెరిచిన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ మ్యూజియం ఏడాది పొడుగునా ఉంటుంది. వాయిద్యాలతో పాటు రికార్డింగు చరిత్ర కూడా చూపిస్తారు. బరంపురం నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా బెంగళూరు వెళ్తుంది.

2. ఇంట్లో ప్లేట్లు దించండి, నంబర్లు రాసుకోండి, మళ్లీ లోపల పెట్టండి

మన జిల్లాల్లో చాలా ఇళ్ల అటకల మీద ఒక పెట్టె ఉంటుంది. పెళ్లిళ్లకు, జాతర్లకు మైకుసెట్లు తిప్పినవాళ్ల ఇళ్లలో అయితే పది పెట్టెలైనా ఉంటాయి. ప్రయాణానికి వారం ముందు ఆ పెట్టె దించండి. నెమ్మదిగా, ఇద్దరు పట్టుకుని దించాలి. ఒకటికి పది ప్లేట్లు కలిస్తే అనుకున్నదానికన్నా బరువుంటాయి.

పాత 78 ఆర్‌పీఎం ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి. లక్కలో రాతిపొడి, నల్లరంగు లాంటివి కలిపి, వేడి మీద నొక్కేవాళ్లు. గాజులాగే పగులుతాయి. అందుకే వాటిని రైల్లో తీసుకెళ్లొద్దని గట్టిగా చెప్తున్నాను. బెర్తు కింద తోసిన సంచిలో ప్లేటు ముక్కలవడానికి ఒక్క కుదుపు చాలు. పైగా మ్యూజియం గేటు దగ్గర లోపలికి పట్టుకెళ్లనివ్వరు. బయటి క్లోక్‌రూమ్‌లో వదిలేసి వెళ్తే మనసంతా అక్కడే ఉంటుంది.

దుమ్ము తుడవడానికి పొడి మెత్తటి గుడ్డ వాడండి. శానిటైజరు, స్పిరిట్, సెంటు లాంటివి దగ్గరికే రానివ్వకండి. ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది. మెరుస్తుందని స్పిరిట్ రాస్తే పాటున్న గాళ్లు, అంటే ముల్లు నడిచే సన్నటి గీతలు, శాశ్వతంగా పోతాయి.

ఒక్కో ప్లేటుకు ఇవి రాసుకోండి: కంపెనీ పేరు, లేబుల్ రంగు, దాని మీది నంబరు, పాడినవాళ్ల పేరు, భాష, రెండు వైపులా ఏముందో. తర్వాత లేబుల్‌కూ గాళ్లకూ మధ్య ఉన్న నున్నటి జాగా చూడండి. అక్కడ నల్లమీద నల్లగా చెక్కిన ఇంకో నంబరుంటుంది. ప్లేటును కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది. అది రికార్డింగు నంబరు. ఆ పాట ఏ రికార్డింగు నుంచి వచ్చిందో తేల్చేది అదే. లేబుల్ మీది నంబరు అమ్మకం కోసం వేసింది. ఒకే రికార్డింగును తర్వాత వేరే అమ్మకం నంబరుతో మళ్లీ వేసిన సందర్భాలున్నాయి. రెండూ రాసుకోకపోతే తర్వాత చిక్కుముడి పడుతుంది.

ఇదే పనిలో ఫొటోలు కూడా తీసేసుకోండి. ప్రతి లేబుల్‌కూ ఒకటి, చెక్కిన నంబరుకు ఒకటి.

3. ప్రయాణం

కలకత్తా అయితే బరంపురం నుంచి దాదాపు 600 కిలోమీటర్లు, రాత్రి ఎక్కితే పొద్దుటికి హౌరా. పర్లాకిమిడి వాళ్లు బస్సులో పలాసకో బరంపురానికో వచ్చి ఎక్కడం సులువు. రాయగడ వాళ్లకు దూరం ఎక్కువ కాబట్టి ఒక పూట ఎక్కువ పెట్టుకోండి. దిగిన రోజు మధ్యాహ్నమే మ్యూజియానికి పరుగెత్తకండి. రాత్రంతా నిద్రలేని చెవికి గరగర తప్ప పాట వినిపించదు. మర్నాడు స్నానం చేసి, టిఫిన్ తిని, గేటు తెరిచే వేళకు వెళ్తే వినే చోట్ల దగ్గర రద్దీ ఉండదు.

4. ముందు ఒక చుట్టు వేగంగా వేయండి

మొదటి పావుగంటలో ఏదీ చదవకండి. గదులెన్ని, వినే చోట్లు ఎక్కడున్నాయి, కూర్చోడానికి బెంచీలు ఎక్కడున్నాయి, కాగితాలున్న అద్దాల పెట్టెలు ఎక్కడ, ఇంతవరకే చూసి రండి. ఇలా చేయనివాళ్లు మొదటి గదిలో ప్రతి అక్షరం చదివి అలిసిపోతారు. అసలు సరుకు చివరి గదిలో ఉంటే ఓపిక లేక దాటేస్తారు. పెద్దవాళ్లతో వెళ్తే ఈ చుట్టు మీరొక్కరే వేసి, వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టండి.

చుట్టు పూర్తయ్యాక మూడు రికార్డులు ఎంచుకోండి. అన్నీ చూడాలన్న ఆశ వదిలేయండి. మీకు తెలిసిన భాషలో ఒకటి, బొత్తిగా తెలియని భాషలో ఒకటి, లేబుల్ చూడగానే నచ్చింది ఒకటి. మిగతా సమయం ఈ మూడింటి చుట్టూ గడపండి.

5. లేబుల్ చదవండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. తొందరపడకండి.

పైన కంపెనీ గుర్తు ఉంటుంది. తర్వాత అక్షరాలతో మొదలయ్యే నంబరు. ఆ అక్షరాలే మీకు దారి చూపిస్తాయి. మెగాఫోన్ ప్లేట్ల మీద జేఎన్‌జీ అని ఉంటే అది యజమాని జితేంద్రనాథ్ ఘోష్ పేరులోని పొడి అక్షరాలు. తన పేరునే ప్రతి ప్లేటు మీదా వేసుకున్నాడు. చిన్న కంపెనీ అంటే ఏమిటో ఆ మూడక్షరాలు చెప్పినంత సూటిగా గోడ మీది బోర్డు చెప్పలేదు. హిందుస్తాన్ వాళ్లు హెచ్ వాడారు. హెచ్ఎంవీలో ఎన్, ట్విన్‌లో ఎఫ్‌టీ, కొలంబియాలో జీఈ వరసలు తరచుగా కనిపిస్తాయి.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. ట్విన్, కొలంబియా, హెచ్ఎంవీ అని మూడు పేర్లు చూసి మూడు పోటీ కంపెనీలనుకుంటారు. ట్విన్ గ్రామఫోన్ కంపెనీ తక్కువ ధరకు అమ్మిన సొంత లేబులే. ఇంగ్లండులో 1931లో కొలంబియా, గ్రామఫోన్ కంపెనీ కలిసి ఈఎంఐ అయ్యాయి. పేరు వేరైనా యజమాని ఒకడే. కాబట్టి ప్రతి లేబుల్ దగ్గరా "ఇది ఎవరిది?" అని అడగండి. ఆ వెంటనే "ప్లేటు నొక్కింది ఎవరు?" అని అడగండి. పాట తామే రికార్డు చేసినా, సొంత ఫ్యాక్టరీ లేక, ప్లేట్లు నొక్కే పని కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీకే అప్పగించిన చిన్న కంపెనీలు ఉండేవి. పోటీదారు చేతిలోనే నీ సరుకు తయారవుతుంటే నువ్వెంత స్వతంత్రుడివి? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని చూస్తే ప్రదర్శనలోని ప్రతి ఉత్తరమూ ఆసక్తిగా ఉంటుంది.

మద్రాసు వైపు పద్ధతి వేరు. ఏవీఎం స్టూడియో పెట్టిన మెయ్యప్పన్ సినిమాల్లోకి రాకముందు సరస్వతి స్టోర్స్‌లో భాగస్వామి. ఆ సంస్థ జర్మన్ లేబుల్ అయిన ఓడియన్ పేరు మీద దక్షిణాది పాటలు రికార్డు చేయించి అమ్మింది. లేబుల్ విదేశీది, ఏ పాట పాడించాలో తేల్చేది మాత్రం ఇక్కడి దుకాణం.

లేబుల్ మధ్యలో పాట రకం రాసుంటుంది: పద్యం, కీర్తన, నాటకం, హాస్యం. తెలుగు ప్లేట్లలో నాటక పద్యాలదే రాజ్యం. స్థానం నరసింహారావు లాంటి రంగస్థల నటుల గొంతు నాటకం చూడని ఊళ్లకు కూడా చేరింది ప్లేట్ల మీదే. ఒక్కో వైపు మూడు నిమిషాలే పడుతుంది కనుక గంటసేపు సాగే ఘట్టాన్ని కుదించి, రాగాలాపన తగ్గించి పాడాల్సి వచ్చేది. మీ పక్కనున్న పెద్దాయన "మా కాలంలో ఈ పద్యం ఇంకా సాగదీసేవారు" అంటే, దాని కారణం ఆ మూడు నిమిషాలే.

చివరగా మధ్యలోని చిల్లు చూడండి. దాని చుట్టూ కాగితం మీద గీతలు అడ్డదిడ్డంగా ఉంటే, ఆ ప్లేటును చాలాసార్లు వేశారన్నమాట. చీకట్లో, హడావుడిలో, ఇరుసు చిల్లులో పడక కాగితాన్ని గీసిన గుర్తులవి. గీతల్లేని శుభ్రమైన లేబుల్ అందంగా ఉంటుంది. గీతలున్నది జనం విన్న ప్లేటు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం.

మన ప్రాంతం వాళ్లకు ఒక ప్రత్యేక సూచన. గంజాం, కోరాపుట్ వైపు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఒకే ఇంట్లో మద్రాసు నుంచి వచ్చిన తెలుగు ప్లేటు, కలకత్తా నుంచి వచ్చిన ప్లేటు పక్కపక్కన కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. కవరు మీద, లేబుల్ అంచున దుకాణాల ముద్రలు, చీటీలు ఉంటాయి. ఏ ఊరి డీలరో అవి చెప్తాయి. ఇంట్లో ప్లేట్లకు కూడా ఇది తప్పకుండా రాసుకోండి. పాటగాడి పేరు ఎక్కడైనా దొరుకుతుంది, మీ ఊరికి అది ఏ దారిన వచ్చిందో ఆ చిన్న చీటీ మీద తప్ప ఇంకెక్కడా దొరకదు.

6. ఫొటోలు తీయడం

ముందు అనుమతి అడగండి. కొన్ని వస్తువులు సొంతదారుల దగ్గర అరువు తెచ్చినవి కాబట్టి వద్దంటారు. సరేనంటే ఫ్లాష్ ఆపేయండి, పాత కాగితానికి అది హాని. అద్దం మీద మీ బొమ్మే పడి లేబుల్ కనిపించకుండా పోతుంది. దానికే ముదురు రంగు బట్టలు వేసుకోమన్నాను. ఫోన్‌ను అద్దానికి దగ్గరగా, కాస్త పక్కకు వంచి పట్టుకుంటే మెరుపు తగ్గుతుంది. అద్దానికి ఆనించకండి.

ప్రతి వస్తువుకూ రెండు ఫొటోలు: వస్తువుది, పక్కనున్న వివరం చీటీది. ఒక్కటే తీస్తే వారం తర్వాత ఏది ఏమిటో తెలియక తల పట్టుకుంటారు.

వినే చోట పాటను ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపుల్లో పెట్టొద్దు. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు విడుదలైన తర్వాత 60 ఏళ్ల హక్కు ఉంది. ఆ గడువు దాటినా, పాట రాసినవాళ్ల హక్కు, బాణీ కట్టినవాళ్ల హక్కు విడిగా ఉంటాయి. వాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా నడుస్తాయి. "పాతదే కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు.

7. వినడం

హెడ్‌ఫోన్ పెట్టుకోగానే అందరూ మొదటి పది సెకన్లకే తీసేస్తారు. గరగర, బరబర. ఓపిక పట్టండి. అర నిమిషం దాటితే చెవి అలవాటు పడి గరగర వెనక్కి పోతుంది, గొంతు ముందుకొస్తుంది. మొదటిసారి గొంతు మాత్రమే వినండి. రెండోసారి వాయిద్యాలు: హార్మోనియమా, ఫిడేలా, తబలానా, మృదంగమా. మూడోసారి చివరి పది సెకన్లు.

చివర ఎందుకంటే, తొలినాటి ప్లేట్లలో పాట అయిపోగానే పాడినవాళ్లు తమ పేరు తామే చెప్పేవాళ్లు. గౌహర్ జాన్ ఇంగ్లీషులో చెప్పుకున్న పేరు ప్రసిద్ధం. ఎక్కడో హనోవర్‌లో ప్లేటు తయారుచేసేవాళ్లకు అది ఎవరి పాటో తెలియాలి కదా.

పాట ఏ కాలానిదో చెవితో పట్టుకోవచ్చు. 1925కు ముందు రికార్డింగులో మైకు లేదు. బూరాలోకి గట్టిగా పాడితేనే ప్లేటు మీద గాడి పడేది. అందుకే ఆ గొంతులు పిలుపులా ఉంటాయి, వాయిద్యాలు ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. మైకు వచ్చాక గొంతు తగ్గించి, చెవి దగ్గర చెప్పినట్టు పాడడం మొదలైంది. రెండు కాలాల ప్లేట్లు వెంటవెంటనే వింటే తేడా చెప్పాల్సిన పనే లేదు.

పెద్దవాళ్లకు హెడ్‌ఫోన్ పెట్టి వదిలేయకండి, పక్కనే ఉండండి. మా వైపు ఒక మామ్మగారికి మనవడు ఇలాగే పెట్టాడు. ఆవిడ పాడినవాళ్ల పేరున్న చీటీ చదవలేదు. కళ్లు మూసుకుని కాసేపు విని, "ఇది ఆడగొంతు కాదురా, మగాడు ఆడవేషం కట్టి పాడతన్నాడు. మా నాన్న ఈ పద్యం పాడీవాడు" అంది. చీటీ చూస్తే అదే నిజం. అలాంటి మాట వచ్చినప్పుడు వెంటనే రాసుకోండి. ఏ ఊళ్లో విన్నారు, ఎవరింట్లో విన్నారు, ఎవరు మెషీన్‌కు కీ ఇచ్చేవారు అని అప్పుడే అడగండి. ఇంటికొచ్చి అడిగితే "ఏమో, గుర్తులేదు" అంటారు.

8. కాగితాల పెట్టెల దగ్గర ఐదు ప్రశ్నలు

ఉత్తరాలు, క్యాటలాగులు, బిల్లులు, ఒప్పందాలు ఉన్న అద్దాల పెట్టెల దగ్గర జనం ఆగరు. మీరు ఆగండి. ఈ ఐదింటికి జవాబు వెతకండి.

మొదటి డబ్బు ఎక్కడిది? ఏ చిన్న కంపెనీకైనా కథ ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలో మోటౌన్ కంపెనీని 1959లో బెర్రీ గోర్డీ తన ఇంటివాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పెట్టాడు. డెట్రాయిట్‌లో వాళ్లు రికార్డింగులు చేసిన ఇల్లే ఇప్పుడు మ్యూజియం. మన కంపెనీల్లో చాలావాటి వెనక గ్రామఫోన్ మెషీన్లు, సామాన్లు అమ్మిన దుకాణం కనిపిస్తుంది.

పాట ఎక్కడ రికార్డు చేశారు? ప్లేటు ఎక్కడ నొక్కారు? పాడినవాళ్లకు ఒక్కసారే డబ్బిచ్చి పంపారా, అమ్మిన ప్లేటుకింత అని ఇచ్చారా? చివరికి కంపెనీ ఎందుకు ఆగింది, లేదా ఎవరిలో కలిసింది?

నాలుగోది చాలా ప్రదర్శనల్లో బోర్డు మీద ఉండదు. ఒప్పందం కాగితంలోనో, ఏ ఉత్తరంలోనో చిన్న వాక్యంగా ఉంటుంది. దానికోసం కాస్త వంగి చదవండి. దేశమంతా విన్న గొంతుకు ఎంత ముట్టిందో తెలియకుండా ఆ కంపెనీని పొగడడం నాకు సరిగ్గా తోచదు.

భాష ఇబ్బంది ఉంటే: కలకత్తా కంపెనీల కాగితాల్లో బెంగాలీ ఎక్కువ. మనలో ఒడియా బడిలో చదివినవాళ్లకు వింటే కొంత అర్థమవుతుంది గాని లిపి వేరు. అక్కడి సిబ్బందిని చదివి వినిపించమని అడగండి. ఫోన్‌లో అనువాదం యాప్ అచ్చు అక్షరాలకు పనికొస్తుంది, చేతిరాతకు నమ్మొద్దు.

9. సిబ్బందితో మాట్లాడండి

బయటికొచ్చే ముందు, ప్రదర్శన కూర్చినవాళ్లు ఉన్నారా అని అడగండి. ఉంటే మీ జాబితా చూపించండి. "మా దగ్గర ఈ నంబరు ప్లేటు ఉంది, మీ క్యాటలాగులో ఉందా?" అన్న ఒక్క ప్రశ్న చాలు, వాళ్ల మొహం వెలుగుతుంది. చిన్న కంపెనీల పూర్తి జాబితాలు దొరకడం కష్టం. మీ అటక మీది ప్లేటుతో అందులో ఒక ఖాళీ నిండవచ్చు.

అయితే జాగ్రత్త. అక్కడే ఎవరైనా "మీ ఇంటికొచ్చి చూస్తాం, కొంటాం" అంటే వెంటనే తలూపకండి. పూర్తి జాబితా, ఫొటోలు మీ దగ్గర ఉన్నాకే మాట. ఇవ్వాలనుకుంటే రసీదు తీసుకుని మ్యూజియానికే ఇవ్వండి. ఇక "లక్షలు పలుకుతాయా?" అనే వాళ్లకు: బాగా అమ్ముడైన పాటల ప్లేట్లు దేశమంతా ఉన్నాయి, వాటికి పెద్ద ధర రాదు. పగులు, చీలిక, అరుగుదల ఉంటే ఇంకా తగ్గుతుంది.

వెళ్లలేకపోతే

ఆరోగ్యం, ఖర్చు, సెలవు కుదరనివాళ్లు ముందు మ్యూజియం వెబ్‌సైటులో ఆన్‌లైన్ ప్రదర్శన ఉందేమో చూడండి. పాత ధ్వనికి చెవిని అలవాటు చేసుకోవాలంటే ఇంకో దారి ఉంది. బ్రిటిష్ కాలంలో భారతీయ భాషల సర్వే కోసం 1913-1929 మధ్య గ్రామఫోన్ ప్లేట్ల మీద మన దేశ భాషలను రికార్డు చేశారు. షికాగో విశ్వవిద్యాలయం వాటిని ఉచితంగా వినడానికి పెట్టింది. తెలుగు కూడా ఉంది. పిల్లలకు తప్పకుండా వినిపించండి.

తిరిగొచ్చాక సరిచూసుకోవడం

మూడు రోజుల్లోపే చేయండి. ఆ తర్వాత జ్ఞాపకం పలచబడుతుంది.

ముందు ఐదు ప్రశ్నలకు నోటు పుస్తకం చూడకుండా ఇంట్లో ఒకరికి చెప్పి చూడండి. మూడింటికైనా తడబడకుండా చెప్పగలిగితే ప్రదర్శన బాగా చూసినట్టే. గ్రామఫోన్ బొమ్మ ఒక్కటే గుర్తుంటే తీసుకున్న చీటీల ఫొటోలు మళ్లీ చదవండి.

తర్వాత రాసుకున్న నంబర్లను ఫొటోలతో పోల్చండి. చెక్కిన నంబర్లలో 1, 7 తారుమారవుతాయి. 3, 8 కూడా అంతే. సంవత్సరం విషయంలో ఇంకా జాగ్రత్త: కంపెనీ పుట్టిన ఏడు, పాట రికార్డయిన ఏడు, ప్లేటు మళ్లీ నొక్కిన ఏడు మూడూ వేరు. లేబుల్ రంగు చూసి ఏడాది తేల్చేయకండి. కుక్క బొమ్మ ఉంది కాబట్టి స్వాతంత్ర్యానికి ముందుదే అని కొందరు ఖాయం చేస్తారు, ఆ బొమ్మ తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

ప్రదర్శన చూసిన ఉత్సాహంలో ఇంటి ప్లేట్లు వెంటనే వేసి వినాలనిపిస్తుంది. ఆగండి. ఎల్‌పీలు, అంటే తర్వాత వచ్చిన ప్లాస్టిక్ ప్లేట్లు, వేసే ఇప్పటి ప్లేయర్ ముల్లు 78 ప్లేటు గాడికి సరిపడదు. దానికి లావు ముల్లు వేరే కావాలి. పాత కీ గ్రామఫోన్ ఉంటే ఒక్కో వైపుకు కొత్త ఉక్కు ముల్లు వేయాలి. అరిగిన ముల్లు గాడిని చెక్కేస్తుంది. ఆ గ్రామఫోన్ మీద ఎల్‌పీ మాత్రం ఎన్నడూ పెట్టకండి, ఒక్కసారికే పాడైపోతుంది. అరుదైన ప్లేటు అనిపిస్తే అసలు వేయకుండా, సరైన పరికరాలున్నవాళ్ల చేత డిజిటల్ చేయించుకోవడం మంచిది.

పెట్టెలో తిరిగి సర్దేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి. పుస్తకాల్లా నిలబెట్టి, మధ్యలో కాగితం కవర్లు వేసి, వంగకుండా దగ్గరగా పెట్టండి. రేకుల కప్పు కింది అటక వద్దు, ఎండాకాలం వేడికి ప్లేట్లు వంకరపోతాయి. చల్లటి గదిలో, నేలకు జానెడు ఎత్తున, గోడ చెమ్మ తగలని చోట పెట్టండి. మీరు రాసిన జాబితా నకలు ఒకటి ఆ పెట్టెలోనే ఉంచండి, ఇంకొకటి ఇంట్లో పిల్లల ఫోన్‌లో ఉండాలి.